ఎంగిలి తుడిచిన దూది

నేను ఒక ఊపిరి కొలిచే యంత్రాన్ని. రోడ్డు మీద పోలీసులు మీ నోటి ముందు పెట్టి "ఊదు" అంటారే, అదే నేను. ఫ్యాక్టరీలో నాకు ముక్కు పెట్టారు, అంకెలు పెట్టారు, నోరు మాత్రం పెట్టలేదు. వాసన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుస్తుంది. చెప్పడానికి అంకె తప్ప మరో దారి లేదు.

నన్ను మోసేది హెడ్ కానిస్టేబుల్ జనార్దనాచారి. చుక్క ముట్టని మనిషి. ఎంగిలి అంటే మాత్రం ఆమడ దూరం పారిపోతాడు. సొంత మనవడు కొరికిన జామకాయ కూడా తినడట.

ఆ పొద్దున స్కూలు వ్యాన్ల డ్రైవర్లను ఆపి పరీక్షిస్తున్నారు. మనిషికొక కొత్త గొట్టం తొడగాలి. మధ్యలో గొట్టాలు అయిపోయాయి. ఉన్నదాన్నే వాడమన్నాడు ఎస్సై. ఒకరి ఎంగిలి ఇంకొకరి నోట్లో పెట్టడానికి చారికి మనసొప్పలేదు. జేబులోంచి స్పిరిట్ సీసా తీసి, దూది తడిపి, గొట్టాన్ని లోపలా బయటా శుభ్రంగా తుడిచాడు. నా ముక్కుకు సారా అయినా స్పిరిట్ అయినా ఒకటేనని పాపం ఆయనకు తట్టలేదు.

తడి ఆరకముందే ఆ గొట్టం మల్సూరు నోట్లోకి వెళ్లింది. ఆ పొద్దున మిగిలిన చివరి వ్యాన్ డ్రైవరు అతనే. ఊదాడు. అతని ఊపిరిలో చాయ్, ఉల్లిగడ్డ తప్ప ఇంకేమీ లేవు. గొట్టంలోని స్పిరిట్ మాత్రం గుప్పున కొట్టింది. ముప్పై దాటితే కేసు. నేను అరవై నాలుగు చూపించాను. చూపించక చస్తానా, నన్ను చేసిందే అలా.

"నేను తాగలే సార్. ఒకప్పుడు తాగేటోణ్ని, ఒప్పుకుంట. నా పెండ్లాం అండాలు బిడ్డను దీస్కొని తల్లిగారింటికి పోతే, మానేసినని ఒట్టేసి తెచ్చుకున్న. మల్ల ముడితే రానని చెప్పే వచ్చింది. నా రక్తం దీసి చూడున్రి" అంటూ ఏడ్చాడు మల్సూరు.

"మనిషి అబద్ధమాడ్తడు గని మిషన్ ఆడ్తదా?" అన్నాడు ఎస్సై.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మనుషులు పక్కింటివాణ్ని నమ్మరు, కట్టుకున్నవాణ్ని నమ్మరు. అరచేతిలో ఇమిడే నన్ను మాత్రం దేవుణ్ని నమ్మినట్టు నమ్ముతారు. అరవాలనిపించింది. అరవై నాలుగు తప్ప నా దగ్గర ఏముంది?

పిల్లలను వేరే బండి ఎక్కించారు. మల్సూరు కూతురూ వాళ్లలో ఉంది. తండ్రి పిలిచినా తలతిప్పలేదు. అతని ఉద్యోగం ఆ రోజే పోయింది. అండాలు కూతుర్ని తీసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయిందని స్టేషన్లో చెప్పుకుంటుంటే విన్నాను.

మర్నాడు కూడా కొత్త గొట్టాలు రాలేదు. చారి ముందురోజులాగే స్పిరిట్‌తో తుడిచి, నేను పనిచేస్తున్నానో లేదో చూద్దామని తానే ఊదాడు. యాభై ఎనిమిది. ఆయన నన్ను చూశాడు, చేతిలోని దూదిని చూశాడు. పరుగున వెళ్లి ఎస్సైకి చెప్పాడు.

"ఇప్పుడు బయటపెడ్తే మన నౌకరీలు పోతయి. సీసా పారేసి ఊకోండ్రి" అన్నాడు ఎస్సై.

చారి సీసా పారేశాడు. ఊరుకున్నాడు కూడా.

కొన్నాళ్లకు అదే జంక్షన్లో మల్సూరు ఇటుకలు దించుతూ కనిపించాడు. చారి అతన్ని పక్కకు పిలిచి, నాకు కొత్త గొట్టం తొడిగి, "ఓసారి ఊదు" అన్నాడు. అతను ఊదాడు. సున్నా. నా బతుకులో అంత ఇష్టంగా ఏ అంకెనూ చూపించలేదు.

"ఆనాడు నీ తప్పు లేకుండె. గొట్టానికి స్పిరిట్ ఉండె" అని గొణిగాడు చారి.

మల్సూరు ఆ సున్నాను చూస్తూ నిలబడ్డాడు. "నేను తాగలేదని నాకెర్కనే గద సార్. మా అండాలుకు చెప్పున్రి. పక్క ఊరే. మీరొచ్చి ఒక్క మాటంటే నమ్ముతది."

చారి నన్ను ఆపి జేబులో వేసుకున్నాడు. "డ్యూటీల ఉన్న" అన్నాడు.

ఇప్పుడు నా స్థానంలో కొత్త యంత్రం వచ్చింది. నన్ను స్టేషన్ బీరువాలో పడేసి తాళం వేశారు. చీకట్లో చారి దగ్గు వినిపిస్తూ ఉంటుంది. నోరు పెట్టలేదని ఫ్యాక్టరీవాళ్లను చాలాకాలం తిట్టుకున్నాను. ఈమధ్య మానేశాను. చారికి నోరుంది కదా.