విడిచినా వదలని చెప్పులు

1982 ఎండాకాలంలో ధారూర్ బడిపంతులు మత్తయ్య రాహేలమ్మ ఇంటికి ప్రార్థన కూటానికి వెళ్లాడు. చెప్పులు బయటే విడిచి లోపలికి అడుగు పెట్టాడో లేదో, ముసలి రాహేలమ్మ కళ్లు చికిలించి చూసింది.

"సారూ, జర చెప్పులు ఇడ్సి రాండ్రి."

"ఇడ్సిననమ్మా. గివి నా కాళ్లే."

కూటమంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా మత్తయ్యే నవ్వాడు. కానీ చాప మీద కూర్చోగానే పాదాలు పంచె కిందికి లాక్కున్నాడు. రబ్బరు చెప్పుల పట్టీలు ఆనిన చోటల్లా చర్మం తెల్లబడి, రెండు పాదాల మీదా అచ్చం పట్టీలలాగే గీతలు దిగాయి. ఊళ్లో బొల్లి అని గుసగుసలు మొదలయ్యాయి. ఒంటి రంగు చూసి మనిషిని అంచనా కట్టొద్దని పిల్లలకు చెప్పే పెద్దమనిషి, మర్నాటి నుంచి మండుటెండలో పంచె కింద మేజోళ్లు తొడుక్కుని బడికి పోయాడు. పిల్లల ముఖం చూడటానికి అతనికే సిగ్గేసింది.

భార్య భాగమ్మ ఊరుకోలేదు. రైలెక్కించి వికారాబాద్‌లో ఒక చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది అంటురోగం కాదు. రబ్బరులో కలిపే మందు మీకు పడలేదు. ముందు ఆ చెప్పులు మానెయ్యండి," అన్నాడు డాక్టరు. పూతమందు ఇచ్చి, రోజు విడిచి రోజు రాసుకుని పొద్దుటెండలో కూర్చోమన్నాడు. "అయిదే నిమిషాలు. ఎక్కువైతే కాలుతుంది. నయం కావడానికి ఏడాది పడుతుంది."

మత్తయ్య దారిలోనే లెక్క కట్టాడు. అయిదు నిమిషాలకు ఏడాది పడితే, అరగంటకు రెండు నెలలే. మర్నాడు అరగంట కూర్చున్నాడు. ఆ మర్నాటికి పాదాల మీద ఉసిరికాయలంత బొబ్బలు లేచాయి. మడమల మీద నడుస్తుంటే భాగమ్మ తడిగుడ్డ వేస్తూ అంది: "లెక్కల సారువు గదా, అయిదు దాక లెక్కవెట్ట రాదా?"

డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. "తప్పు మందుది కాదు సార్, నా త్రైరాశికానిది," అని ఒప్పుకున్నాడు మత్తయ్య.

పుండ్లు మానాక మందు పలచన చేసి, మూడు నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి గడియారం భాగమ్మ చేతిలో ఉంది. నాలుగు నెలలకు వెంట్రుకల మొదళ్ల చుట్టూ పాత రంగు తిరిగొస్తూ ఆవగింజలంత గోధుమ చుక్కలు పొడిచాయి. ఇక మత్తయ్యను ఆపడం ఎవరి తరం కాలేదు. బజారులో, రైలు స్టేషనులో, కనబడిన వాళ్లకల్లా పాదం ఎత్తి చూపించేవాడు.

ఏడాదిన్నరకు తెల్ల గీతలు రంగుతో నిండాయి. బొటనవేలి సందులో మాత్రం చిన్న మచ్చ మిగిలింది. దాని గురించి ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని అతనికే అనిపించింది.