మేళమంతా మానేసిన ఏడాది

మా మేళంలో బాకా ఊదేది దఫల్లా. మాలో చాలామందిలాగే అత్బరా రైల్వే వర్క్‌షాపులో పని, ఫిట్టరు. పగలంతా ఇంజన్ల కింద దూరి పనిచేసేవాడు, సాయంత్రం క్లబ్బు పెరట్లో మాతో కలిసి వాయించేవాడు. పెళ్లయినా, బంతాటలో గెలుపయినా, కొలువు ముగిసిన డ్రైవరును ఇంటిదాకా సాగనంపడమయినా మా మేళం ఉండాల్సిందే. మేళం ఉందంటే దఫల్లా ఉండాల్సిందే. అతను పైస్థాయికి వెళ్లి స్వరం నిలిపితే నైలు అవతలి ఒడ్డున గాడిదలు మేత మానేస్తాయని కబ్బాషి అనేవాడు. కబ్బాషి మా డోలు. నేను క్లారినెట్. నా పేరు సిర్రుల్ ఖతిమ్. అంత పొడుగు పేరు పలికే ఓపిక మావాళ్లకు లేదు, సిర్ అంటారు.

మా అందరిలో తుంబాక్ పెట్టనివాడు మా గురువు తైఫూర్ ఒక్కడే. తడిపిన పొగాకు పొడిని వేళ్లతో ఉండ చేసి కింది పెదవి వెనక దోపుకుంటే తల తేలికవుతుంది. కొన్నాళ్లకు అది లేకపోతే తల బరువెక్కుతుంది. అంతే దాని కథ. మా నాన్నలు పెట్టారు, మేమూ పెట్టాం. దఫల్లా బాకా ఎత్తే ముందు ఉండను గోడవారన ఉమ్మేవాడు, పాట అయ్యాక కొత్తది దోపేవాడు. మిగతావాళ్లమూ ఆ గోడనేమీ తక్కువ గౌరవించలేదు. దానికి ఒకప్పుడు ఏ రంగు సున్నం వేశారో అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఆ ఏడు ప్రవక్త పుట్టినరోజున జరిగే మౌలిద్ ఊరేగింపు ఇంకా మూణ్ణెల్లుందనగా సాధన మొదలుపెట్టాం. పీరుల జెండాలు, డప్పులు, ఊరంతా వీధుల్లో ఉండే రోజది. ముందు నడిచేది మేమే. ఆ సాయంత్రం పాట పైకి వెళ్లే చోట దఫల్లా స్వరం పగిలింది.

"మళ్లీ," అన్నాడు తైఫూర్.

మళ్లీ పగిలింది. తైఫూర్ నడిచివెళ్లి అతని చేతిలోంచి బాకా తీసుకుని మూతి చూశాడు. వెండి మీద రక్తం.

"ఏంట్రా ఇది?"

"పెదవి కొరుక్కున్నా ఉస్తాద్."

"ఎన్నాళ్ల నుంచి కొరుక్కుంటున్నావు?"

తైఫూర్ అతని కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగాడు. మేమూ మెడలు చాచాం. ఉండ కూర్చునే చోట చర్మం తెల్లగా, మందంగా, పాత బూటు తోలులా ముడతలు పడి ఉంది. ఒక అంచు చిట్లింది. కబ్బాషి ఏదో హాస్యం ఆడబోయి నోరు మూసుకున్నాడు. నాకు తెలీకుండానే నా నాలుక నా పెదవి వెనక్కి వెళ్లి తడుముకుంది.

మర్నాడు అతని భార్య బతూల్ అతన్ని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ చిన్న ముక్క కోసి పరీక్షకు ఖార్తూమ్ పంపింది. జవాబు వచ్చేదాకా దఫల్లా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వచ్చాక డాక్టరమ్మ చెప్పింది ఇదీ: ఇంకా రాచపుండు కాలేదు, కానీ దారి మాత్రం అదే. తుంబాక్ మానితే వెనక్కి తిరిగే ఆశ ఉంది. మానకపోతే ఈసారి కోసేది ముక్క కాదు, దవడ.

"రంజాన్‌లో పగలంతా మానగలిగినవాడివి, మిగతా రోజులు మానలేవా?" అని అడిగాను.

"పగలంతా మానితే ఏం లాభంరా సిర్? బాంగు వినపడగానే ఖర్జూరం కంటే ముందు డబ్బాకే పోయేది నా చెయ్యి," అన్నాడు. "మానడం నావల్ల కాదు. బాకా మానేస్తా. అది సులువు."

ఈ మాట బతూల్ చెవిన పడింది.

బతూల్ మంత్రసాని. ఊళ్లో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. అలాంటి మనిషి తోబ్ కొంగు నడుముకు బిగించి, చేతిలో మంత్రసాని సంచితో క్లబ్బు పెరట్లోకి వచ్చి మా మధ్య నిలబడేసరికి, ఎవరికి నొప్పులొచ్చాయా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఇంట్లో నేను డబ్బా దాస్తాను," అంది. "వర్క్‌షాపుకి పోతే మీరిస్తారు. సాయంత్రం ఇక్కడికొస్తే మళ్లీ మీరే ఇస్తారు. మానిపించడానికి నేనొక్కదాన్ని, పెట్టించడానికి మీరింతమంది. ఇదేం న్యాయం అన్నయ్యలూ?"

నిశ్శబ్దం భరించలేనివాడు కబ్బాషి.

"వదినా, నామాట విను. మేళం మొత్తం మానేస్తే నేనూ మానేస్తా. నా డోలు మీద ఒట్టు."

అందరం పగలబడి నవ్వాం. కబ్బాషి పెదవి కింద ఉండ లేకుండా నిద్ర కూడా పోడని ఊరికంతా తెలుసు. నవ్వనిది ఇద్దరే, బతూల్, తైఫూర్.

"విన్నారుగా," అన్నాడు తైఫూర్. "ఒట్టు పడింది. డబ్బాలు తీయండి."

"ఉస్తాద్, నేనేదో వేళాకోళానికి..."

"డోలు మీద ఒట్టు వేళాకోళానికి వేస్తారట్రా? అయితే రేపట్నుంచి వేళాకోళానికి ఇంకొకణ్ని చూసుకుంటా."

బతూల్ సంచి నోరు తెరిచి పట్టుకుంది. కబ్బాషి తన డబ్బాను పెళ్లయి వెళ్లిపోయే కూతుర్ని చూసినట్టు చూసి లోపల పడేశాడు. తర్వాత నాది. తర్వాత ఒక్కొక్కటే టంగు టంగున పడ్డాయి. ట్రాంబోన్ వాయించే బుష్రా మాత్రం ఇవ్వనని లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాడు, దాచడమెందుకు. దఫల్లా చివర్న వచ్చాడు. డబ్బాను సంచి పైన కాసేపు పట్టుకుని వదిలాడు.

"మీరంతా ఎందుకురా, పుండు నాకు కదా," అన్నాడు.

"నీకు కనపడింది. మాకింకా కనపడలేదు," అన్నాను.

ఆ తర్వాతి రోజుల సంగతి చెప్పాలంటే మా ఇళ్లలో ఆడవాళ్లు చెప్పాలి. పప్పులో ఉప్పు తక్కువైందని మా అమ్మ మీద అరిచాను. ఆ తర్వాత చూస్తే నేను తిన్నది పప్పు కాదు, బెండకాయ పులుసు. కబ్బాషి డోలు మా పాట కంటే ముందు పరిగెత్తేది, తాళాలు వాయించేవాడు దాన్ని తరుముకుంటూ పోయేవాడు, ఇద్దరూ ఒకసారి కొట్టుకోబోయారు. తలనొప్పి, నోట్లో ఊట, చేతులకు ఏం చెయ్యాలో తెలియకపోవడం. క్లబ్బు గేటు దగ్గర టీ అమ్మే అమూనా మా కోసం అల్లం దంచి వేసి కాఫీ కాచేది. "మిమ్మల్ని చూస్తుంటే మేళంలా లేదు, బాలింతల గదిలా ఉంది," అనేది. గేటు నిండా మేం కొరికి ఊసిన వేయించిన పుచ్చగింజల పొట్టు.

తైఫూర్ ఒక్కటే నియమం పెట్టాడు. ఎవడికి ప్రాణం గుంజినా పైకి చెప్పాలి. పక్కనున్నవాడు చేస్తున్న పని వదిలి, ఆ గుంజుడు పోయేదాకా వాడితో కూర్చోవాలి. వర్క్‌షాపులో పొద్దుటి తిండి వేళ అందరం ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ గిన్నె చుట్టూ కూర్చుని రొట్టె ముంచుకు తింటాం కదా, తినగానే చెయ్యి దానంతటదే జేబుకి పోయేది. ఆ గడియ దఫల్లాకి అన్నిటికన్నా గండం. కబ్బాషి అతని పక్కనుంచి కదిలేవాడు కాదు. డాక్టరమ్మ కోసిన చోటు మానేదాకా దఫల్లాతో నీళ్లు తాగించేవాడు, మాట్లాడించేవాడు. అది మానాక ఒకరోజు లవంగం ఇచ్చాడు.

"బుగ్గన పెట్టుకోరా. నేనూ పెట్టుకుంటా."

దఫల్లా చప్పరించి ముఖం చిట్లించాడు. "ఒరేయ్, ఇది పెట్టుకుంటే అత్తరు పూసిన పెళ్లికూతురి పక్కన కూర్చున్నట్టుందిరా."

"మరింకేం, అదృష్టవంతుడివి. నా పక్కన కూర్చున్నది మాత్రం నువ్వే."

అన్నాళ్ల తర్వాత దఫల్లా నవ్వడం చూశాను.

ఈలోగా బతూల్, కబ్బాషి కలిసి బజారులో తుంబాక్ కొట్లన్నీ తిరిగి వచ్చారు. దఫల్లాకి ఎవరు అమ్మినా, అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ మేళం మొత్తం వాళ్ల కొట్టు ముందుకొచ్చి వాయిస్తుందని చెప్పారు. కొట్లవాళ్లు నవ్వి, టీ ఇచ్చి పంపారు.

పెదవి మానిందని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రం దఫల్లా మళ్లీ బాకా ఎత్తాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ఊదాడు. గొంతు పోయిన మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. పెదవికి బలం పోయింది, అది మెల్లగా తిరిగి వస్తుందని తైఫూర్ చెబుతూనే ఉన్నాడు, దఫల్లా బాకాను కుర్చీ మీద పెట్టి, "పుండు పోయింది, విద్యా పోయింది," అని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు శుక్రవారం, సెలవు. మిట్టమధ్యాహ్నం నేను అన్నం తిని పడుకోబోతుంటే కబ్బాషి ఆయాసపడుతూ వచ్చాడు. "క్లారినెట్ తియ్యి. దఫల్లా తుంబాక్ అమ్మే నూరైన్ కొట్లో కూర్చున్నాడు."

ఎవరు ఎలా ఉంటే అలా వచ్చాం. ఒకడు బనీనుతో, ఒకడు ఒంటి చెప్పుతో, ఇంకొకడు నిద్రముఖంతో. తైఫూర్ మాత్రం ఎప్పుడు వేసుకున్నాడో ఏమో, ఊరేగింపు కోటు, టోపీతో వచ్చాడు. ఒక చేతిలో దఫల్లా బాకా. బజారంతా తలుపులు మూసి నిద్రపోతోంది. నూరైన్ కొట్టు తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది. తైఫూర్ చెయ్యెత్తాడు, కబ్బాషి డోలు మీద పిడుగు పడ్డట్టు కొట్టాడు.

పెళ్లికొడుకును తీసుకెళ్లే పాట అందుకున్నాం. మొదట కుక్కలు లేచాయి, తర్వాత మనుషులు. తిట్టడానికి బయటికొచ్చినవాళ్లు మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. నూరైన్ రెండు చేతులూ జోడించి గడపలోకి వచ్చాడు.

"బాబ్బాబు, ఆపండి! వాడి ముఖం చూసి జాలేసి ఇచ్చాను!"

"మాకూ జాలేసే వాయిస్తున్నాం. వాణ్ని బయటికి పంపు," అన్నాడు కబ్బాషి.

ఆ పాటలో ఒకచోట అందరం ఆగాలి, బాకా ఒక్కటే మోగాలి. ఆ చోటు వచ్చింది. మేం ఆగాం. బజారులో చీమ చిటుక్కుమనలేదు. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాం. మళ్లీ ఆ చోటు, మళ్లీ ఖాళీ. లోపల గోనెల వెనక దఫల్లా మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చోవడం నాకు కనిపిస్తోంది. మూడోసారి ఖాళీ వచ్చేసరికి ఎదురుగా నిలబడ్డ జనం "పా, పా, పా" అంటూ నోళ్లతోనే దాన్ని నింపేశారు. ముసలివాళ్లు కూడా.

దఫల్లా బయటికొచ్చాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పలేను. వీధి మధ్యలోకి వచ్చి నోట్లో ఉన్నది ఉమ్మేశాడు. అమూనా ఎక్కడి నుంచి వచ్చిందో, నీళ్ల చెంబు అందించింది. పుక్కిలించాడు. తైఫూర్ బాకా చేతికిచ్చాడు.

"నా వల్ల కాదు ఉస్తాద్. అపస్వరమే వస్తుంది."

"రానీ. చోటు నీది. దాంట్లో నువ్వు ఏం ఊదినా సరే, ఇంకెవడూ ఊదడు."

నాలుగోసారి ఆ చోటు వచ్చినప్పుడు అతను ఊదాడు. బొంగురుగా, వంకరగా వచ్చింది. అయినా వచ్చింది. ఆ మధ్యాహ్నం అత్బరా బజారులో ఇంకెవరూ నిద్రపోలేదు.

ఆ తర్వాత అతను తుంబాక్ జోలికి పోలేదు. ప్రాణం గుంజలేదని కాదు, గుంజినప్పుడల్లా అరిచి చెప్పేవాడు. ఇంజన్ కింద నుంచి "కబ్బాషీ!" అని కేక వినిపిస్తే వర్క్‌షాపులో అందరికీ తెలిసేది. రోజూ తెల్లవారగానే నది ఒడ్డుకెళ్లి ఒక్క స్వరమే పట్టుకుని ఊదేవాడు. మొదట చిన్నగా, వారం వారం కాస్త పొడుగ్గా. మౌలిద్‌కి కొద్దిరోజుల ముందు డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, మళ్లీ చూసి, "ఎక్కడ కోశానో వెతుక్కోవాల్సి వస్తోందే," అంది. తెలుపు పోయింది. గులాబిరంగు చర్మం పసిపాప పెదవిలా ఉందని బతూల్ వీధి వీధికీ చెప్పింది. ఆమెకి పోలికలన్నీ పసిపాపలతోనే.

ఊరేగింపు రోజు పెద్ద మసీదు దగ్గర బయల్దేరాం. వెనక ఆకుపచ్చ జెండాలు, డప్పులు, తెల్లటి పొడుగు జలాబియాలు వేసుకున్న జనసముద్రం. పిల్లల చేతుల్లో గులాబీ చక్కెర బొమ్మలు. మౌలిద్ మైదానం మలుపు దగ్గర పాట పైకి ఎక్కుతుంది. మేమంతా వాయిద్యాలు దించాం. దఫల్లా కళ్లు మూసుకుని బాకా ఎత్తాడు.

స్వరం తేలిగ్గా ఎక్కింది, తెరిచిన కిటికీలోంచి పిట్ట ఎగిరినట్టు. పైకి వెళ్లి నిలబడింది. నిలబడే ఉంది. జెండాలవాళ్లు ఆగిపోయారు. వెనక డప్పులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఇక ఊపిరి అయిపోతుందనుకున్న చోట అతను ఇంకో మెట్టు పైకెక్కాడు. అంత పైకి వెళ్లడం అతని పాతరోజుల్లో కూడా నేను వినలేదు. కబ్బాషి కర్రలు రెండూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

అతను బాకా దించగానే వీధి భళ్లున పేలింది. డాబాల మీద ఆడవాళ్ల జయధ్వానాలు, అన్నిటికన్నా గట్టిగా బతూల్‌ది. ఏనాడూ ఎవర్నీ మెచ్చుకోని తైఫూర్ నడిరోడ్డు మీద దఫల్లా తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. మేం మళ్లీ పాట అందుకుని అక్కడి నుంచి మైదానం దాకా నడిచాం అనడం కంటే ఎగిరాం అనడం నిజం.

ఆ వారమే సాధనకు వెళితే క్లబ్బు గేటు దగ్గర కొందరు నిలబడి ఉన్నారు. వర్క్‌షాపు కమ్మరులు, ఒక లారీ డ్రైవరు, మా వీధి మంగలి. వాళ్లలో పెద్దవాడు తలపాగా సర్దుకుని మొహమాటంగా అడిగాడు.

"ఉస్తాద్, మాకు వాయించడం రాదు. మానడానికి మాత్రం మేళంలో చేరొచ్చా?"

తైఫూర్ దఫల్లా వైపు చూశాడు. దఫల్లా లోపలికి వెళ్లి వాళ్లందరికీ కుర్చీలు తెచ్చాడు.