నిరుటి ఊరికి పరీక్ష

పరీక్ష రోజు కావడంతో పొద్దున్నే ఊళ్ళోవాళ్ళంతా తమ ఇళ్ళను నిరుటి చోట్లకు మోసుకుపోతున్నారు. మూలకొక మనిషి పట్టుకుంటాడు. లోపల పొయ్యి ఆరదు, పొయ్యి మీద పాలు ఒలకవు. ఇంటిని వంచకుండా నడవడం ఇక్కడివాళ్ళకు అలవాటైన పని. ఏటా చేస్తున్నదే.

పేరిందేవి వాగు గట్టున నిలబడి చూస్తోంది. తొమ్మిదో తరగతి పిల్ల. రెండు జడలూ బిగించి, రిబ్బన్లు కట్టుకుని సిద్ధంగా ఉంది. వాళ్ళ ఇంటిని పట్టుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. నిరుడు ఆ ఇల్లు లేదు. పెదనాన్నతో వేరుపడ్డాక, మొన్న చలికాలంలో వాగు అవతల కట్టుకున్నారు. గోడలకు ఇంకా తడివాసన పోలేదు.

ఇళ్ళెందుకు మొయ్యాలంటే, పట్నం నుంచి వచ్చే, దారి వెతికే పద్ధతులకు నిరుటి ఊరొక్కటే తెలుసు. పద్ధతులు చాలావరకు మనుషుల్లాగే ఉంటాయి, చొక్కాలు తొడుక్కుంటాయి. బడి ముందున్న సున్నపు గుండ్రంలోంచి బయల్దేరి, ప్రతి ఇంటి తలుపునూ ఒక్కసారే తట్టి, మళ్ళీ ఆ గుండ్రంలోకే రావాలి. తక్కువ దూరంలో ముగించిన పద్ధతి గెలిచినట్టు. గెలిచినదానికి వేసవంతా నీళ్ళ ట్యాంకరు అప్పగిస్తారు. అది తట్టిన తలుపుల ముందే ట్యాంకరు ఆగుతుంది. బోర్లలోంచి గాలి తప్ప ఏమీ రాని ఊరు ఇది. అందుకే అందరూ నోరెత్తకుండా ఇళ్ళు మోస్తారు.

పరీక్ష పెట్టే కొలతమ్మ వాగు దాటి వస్తోంది. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో స్టీలు టిఫిను డబ్బా. డబ్బాలో నిరుటి ఊరు ఉంది. మూత తీస్తే ఆవగింజలు కనిపిస్తాయి, ఇంటికొక గింజ. కొలతమ్మ ఒకసారి గింజలను చూస్తుంది, ఒకసారి పేరిందేవి వాళ్ళ ఇంటిని చూస్తుంది.

"ఈ ఇల్లు ఇందులో లేదు," అంటుంది.

"అందులో లేకపోతే ఏందమ్మా, ఇక్కడుందిగా," అంటుంది నాయనమ్మ ఆదెమ్మ. ఖాళీ బానను పక్కన బోర్లించి అరుగు మీద కూర్చుని ఉంది. "నా కొడుకూ కోడలూ పొగాకు గ్రేడింగుకు పోయారు గానీ, ఉంటే వాళ్ళే చెప్పేవాళ్ళు నీకు. ఒక ఆవగింజ ఎక్కువేస్తే నీ డబ్బా బరువెక్కుద్దా?"

"బరువు కాదు పెద్దమ్మా. ఒక్క గింజ కలిపినా నిరుటి పరుగుతో ఈ ఏటి పరుగును పోల్చలేం. పోల్చలేకపోతే ఎవరు మెరుగయ్యారో తెలీదు."

"మా గొంతు తడిసిందో లేదో అదన్నా చూస్తారా మీరు?"

"అది పరీక్షలో లేదు," అంటుంది కొలతమ్మ. మర్యాదగానే అంటుంది. డబ్బా మూత పెడుతుంది.

మూత పడగానే ఇంటి పడమటి గోడ పలచబడుతుంది. అరిగిన చీర కొంగులోంచి చూసినట్టు అవతలి తుమ్మచెట్టు కనిపిస్తోంది.

పేరిందేవి ఏదో అంటుంది. ఆమె మాటలు పెదవి దాటగానే కిందపడిపోతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరైనా తొక్కుతారని వంగి ఏరుకుని యూనిఫాం జేబులో వేసుకుంటుంది. ఈసారి పడినవి వేడిగా ఉన్నాయి. జేబు గుడ్డ కమురు వాసన వేస్తోంది.

"గొణిగింది చాల్లే, పోయి చూసి రా," అంటుంది నాయనమ్మ, గోడకు అరచెయ్యి ఆనిస్తూ. "నేనీ గోడ పట్టుకుని కూర్చుంటా. ఎట్టా పోద్దో నేనూ చూస్తా."

బడి ముందు ఊరంతా గుమిగూడింది. పేరిందేవి దారి ఇమ్మని అడగక్కర్లేకుండా పోయింది. జనం ఆమెలోంచే అటూ ఇటూ నడుస్తున్నారు. పరీక్షలో లేని ఇంటి పిల్ల కాబట్టి ఆమె ఎవరి కంటికీ ఆనదు. పెదనాన్న కూడా ఆమె భుజంలోంచి చెయ్యి చాపి, అవతలి మనిషి దగ్గర చుట్టకు నిప్పు తీసుకున్నాడు.

మొదట దగ్గరయ్య బయల్దేరాడు. ఎక్కడున్నా పక్కనున్న ఇంటికే పోయే పద్ధతి అది, అందుకే జనం ఆ పేరు పెట్టారు. మొదటి ఏడాది ఆయన చివరికి మిగిలిన ఇళ్ళ కోసం ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు కాళ్ళీడ్చుకుంటూ తిరిగాడు. ఇప్పుడు అట్లా లేదు. కళ్ళు మూసుకుని పరుగెత్తుతున్నాడు. చెయ్యి చాపిన చోట తలుపు గొళ్ళెం ఉంటోంది. ఒక వాకిట్లో బర్రె కట్టేసి ఉంది. నిరుడు ఆ బర్రె లేదు. దగ్గరయ్య దాన్ని గుద్దుకుని పడ్డాడు, లేచి దాని నుదురు తడిమాడు.

"నువ్వు లేవు," అని దానికి చెప్పి, దానిలోంచి నడిచిపోయాడు. బర్రె మేత మానేసి తన కాళ్ళకేసి చూసుకుంటోంది.

"ఇప్పటిదాకా నిరుటికంటే మెరుగు!" అని కొలతమ్మ స్టాప్‌వాచీ ఎత్తి చూపింది. జనం చప్పట్లు కొట్టారు.

వెనకే ఇంకో పద్ధతి, చీమల దండు, బయల్దేరింది. అది కూడా దోవ వెతకడం లేదు. నిరుడు తాను వదిలిన వాసననే పీలుస్తూ పోతోంది. ఆ వాసన చెరిగిపోకుండా వీధి ఊడ్చేవాళ్ళు ఏడాదంతా చీపురు ఎత్తి పట్టుకుని నడిచారు.

పేరిందేవికి చెవులు వేడెక్కాయి. బడిలో ప్రశ్నపత్రం ముందే చూసి రాస్తే హెడ్మాస్టరు ఎండలో నిలబెడతాడు. దగ్గరయ్యకు ఏటా అదే పత్రం ఇస్తున్నారు. పైగా పత్రమే పొద్దున్నే లేచి, మూలకొక మనిషిని పెట్టుకుని, నడుచుకుంటూ వచ్చి ఆయన చేతి కిందికి దూరుతోంది. చప్పట్లు కూడా పత్రమే కొడుతోంది. ఈ మాటలన్నీ కిందపడ్డాయి. ఏరుకునేసరికి జేబు మోకాలి దాకా సాగింది.

బడి వరండాలో అన్నీచూసే తాత కూర్చుని ఉన్నాడు. ఆయనా ఒక పద్ధతే. ఊళ్ళో ఇళ్ళను ఎన్ని వరసల్లో తట్టొచ్చో అన్ని వరసలూ చూశాకే లేస్తానని మొదటి ఏడాది కూర్చున్నవాడు ఇంకా లేవలేదు. గడ్డం వరండా మెట్లు దిగి కుళాయి చుట్టూ చుట్టుకుంది. చూడకుండా దేన్నీ తోసెయ్యని మనిషి కాబట్టి ఆయనకు పేరిందేవి కనిపించింది.

"ఏందమ్మాయ్, జేబు కింద ఈడుస్తా తిరుగుతున్నావ్?"

పేరిందేవి చెప్పింది. తాత జేబుకు చెవి ఆనించి విన్నాడు.

"మీ ఇల్లుంది తల్లా. నేను కాదనను. కానీ దాన్ని కలిపానంటే మళ్ళీ మొదట్నుంచి చూడాల. ఇప్పటికే నేను మొదటి వీధి దాటలా."

"ఎప్పటికవుద్ది?"

"సూర్యుడు ఆరకుండా ఉంటే అవుద్ది."

"నాయనమ్మ గోడ పట్టుకుని కూర్చుంది తాతా."

తాత నిజంగానే ఆలోచించాడు. ఆలోచిస్తుంటే గడ్డం ఇంకొంచెం పెరిగింది. "నేను సాయం చెయ్యలేను గానీ ఒకటి చూశా. ఇళ్ళు కదిలిస్తారు, బర్రెల్ని లేవంటారు. ఆ గుండ్రాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అందులో అడుగు పెట్టందే ఎవడి పరుగూ అయిపోయినట్టు కాదు."

గుండ్రం దగ్గర కాపలా లేదు. ఉన్నవాళ్ళకు కాపలా పెడతారు గానీ లేనివాళ్ళకు పెట్టరు. పేరిందేవి మోకాళ్ళ మీద కూర్చుని గోరుతో అంచు లేపింది. కాలిన దోసె పెనం మీంచి వచ్చినట్టు గుండ్రం మొత్తంగా లేచి వచ్చింది. దాన్ని దండలా భుజాన తగిలించుకుంది.

దగ్గరయ్య చివరి తలుపు తట్టి, కళ్ళు మూసుకునే వచ్చి, గుండ్రం ఉండాల్సిన చోట కాలు పెట్టాడు. స్టాప్‌వాచీ ఆగలేదు. మళ్ళీ పెట్టాడు. వాచీ ముల్లు ఆగలేక సాగి సాగి, గాజు పగలగొట్టుకుని, కొలతమ్మ మెడ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"గుండ్రం ఏది? ఎవరు తీశారు?" అంది కొలతమ్మ.

ఆమె పక్కనే పేరిందేవి నిలబడి ఉంది. జేబే జవాబు చెప్పింది, ఏరుకున్న మాటలన్నీ ఒక్కసారిగా.

"మేం తీశాం. వాగు అవతలోళ్ళం."

"వాగు అవతల ఇల్లు లేదు."

"లేనోళ్ళు తీస్తే అది పోయినట్టు ఎట్టవుద్ది? ఇక్కడే ఉంటది, వెతుక్కోండి."

కొలతమ్మకు ఇందులో తప్పు దొరకలేదు. వంగి వెతకడం మొదలుపెట్టింది. జనం కూడా వంగారు. పేరిందేవి ఇంటి దారి పట్టింది. దగ్గరయ్య మొదటిసారి కళ్ళు తెరిచాడు. అవి కొత్తవి, ఎవరూ వాడనివి. "ఎండగా ఉంది," అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత పేరిందేవి భుజం మీంచి నేల మీద రాలిన సున్నపు పొడి కనిపించి, ఆ వరస పట్టుకుని వాగు వైపు నడిచాడు. ఆయన వెనక చీమలు. చీమల వెనక, ముందున్నవాడి వెంట పోవడమే తెలిసిన ట్యాంకరు.

పేరిందేవి వాగు దాటేసరికి ఇంట్లో మిగిలింది అరుగూ, తలుపూ. తలుపు గోడల్లేకుండా నిలబడి ఉంది. గొళ్ళెం లోపలి నుంచి పెట్టి ఉంది. నాయనమ్మ అరచెయ్యి మాత్రం గోడ ఉండాల్సిన చోట గాలికి ఆనించే ఉంది.

"వచ్చావా? చెయ్యి తిమ్మిరెక్కింది," అంది. "భుజాన అదేందే?"

పేరిందేవి బానను తిరగేసి నిలబెట్టి, గుండ్రాన్ని దాని మూతి మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఓసి నీ దుంపతెగ!" అని నాయనమ్మ ఖాళీగా ఉన్న చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

దగ్గరయ్య వచ్చాడు. చెప్పులు విడిచి, గుండ్రంలో అడుగు పెట్టి, బానలోకి దిగిపోయాడు. చీమలు దిగాయి. ట్యాంకరు కాసేపు నిలబడి ఊపిరి బిగబట్టి సన్నబడింది. తర్వాత గుడగుడమంటూ అదీ దిగింది. చివరికి కొలతమ్మ టిఫిను డబ్బా గుండెకు హత్తుకుని బాన అంచు దగ్గరికొచ్చింది.

"దీన్ని నిరుటితో పోల్చలేం," అంది. ఆమె గొంతులో ఇప్పుడు మర్యాద లేదు. "ఇది అన్యాయం."

"లోపలికి పోయి కొలుచుకో తల్లా," అంది నాయనమ్మ. కొలతమ్మ కూడా దిగాక బాన మీద పళ్ళెం మూసింది.

కాసేపటికి పళ్ళెం జరిపి, ఒక చెంబు ముంచి పేరిందేవికి ఇచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చెంబు అడుగున ఊరు కనిపిస్తోంది, ఆవగింజల ఊరు, ఒక్కో గింజలో ఒక్కో పొయ్యి వెలుగుతూ. పేరిందేవి పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగలేదు. చెంబెత్తి గింజలతో సహా తాగేసింది.

నోట్లో ఎవరో నడుస్తున్నారు. ఒక్కో పన్నునూ ఒక్కసారే తట్టి, పక్కదానికి పోతున్నారు. ఎవరో ఆమెకు తెలుసు. చివరి పన్ను దాకా పోయి, తిరిగొచ్చి నాలుక మీద నిలబడ్డాడు.

"అమ్మాయ్, నోరు తెరువు. అయిపోయింది, బయటికి పోవాలి," అంటున్నాడు దగ్గరయ్య.

పేరిందేవి పెదవులు బిగించింది. తమ ఇంటి తలుపు ఇంకా మిగిలే ఉందని వేలితో చూపించింది. లోపల ఉన్నవాడికి ఆ వేలు ఎట్లా కనిపించిందో గానీ, నాలుక మీద అడుగులు ఆగిపోయాయి.

నాయనమ్మ గాలి మీద చెయ్యి తియ్యకుండా తల తిప్పింది. గోడల్లేకుండా ఒంటరిగా నిలబడిన తలుపును లోపలి వైపు నుంచి ఎవరో ఒక్కసారి తట్టారు.