ఆరు రోజులు తుడవని తుపాకి

నా పేరు కురుమూర్తి. ఇరవై రెండేళ్లు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు బాగుచేశాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే. తుప్పు పట్టిన తుపాకి తెచ్చి నా బల్ల మీద పడేసినవాణ్ణి, వాడు ఎస్సై అయినా సరే, నాలుగు మాటలు అనకుండా పంపలేదు. తుపాకి మురికిగా ఉందంటే ఆ పూట నాకు అన్నం సయించదు. ఆ బుద్ధే ఒక కొంప ముంచింది. నాది కాదు, మునవ్వర్ కొంప.

2002లో కొత్త రకం తుపాకులు మూడు పరీక్షకు వచ్చాయి. రాజోలి దగ్గర తుంగభద్ర ఇసుకలో ఆరు రోజుల పని. రోజూ వాటిని ఇసుకలో పొర్లించాలి, నీళ్లలో ముంచాలి, ఎండలో ఆరబెట్టాలి, ఒక్కోదానితో వంద తూటాలు కాల్చాలి. ఆ ఆరు రోజులూ గుడ్డ తగలకూడదు, నూనె చుక్క పడకూడదు. అడవిలో తిరిగేవాడికి తుపాకి విప్పి తుడుచుకునే వీలు దొరకదు కదా, తుడవకపోతే ఎన్నాళ్లు నడుస్తుందో తేల్చాలి. కాల్చేది కానిస్టేబుల్ మునవ్వర్. పుస్తకంలో రాసేది నేను. అతనిది గద్వాల. నన్ను సొంత అన్నలా చూసేవాడు, నా తిట్లకు నవ్వేవాడు అతనొక్కడే.

మూడో రోజు సాయంత్రానికే మూడు తుపాకులూ లోపల గరగరమంటున్నాయి. మర్నాడు ఆయుధ పూజ. పొద్దున్నే స్నానం చేసి, పసుపు కుంకుమ, బంతిపూలు సిద్ధం చేసుకున్నాను. ఇసుక కొట్టుకుపోయిన ఆ తుపాకులను చూస్తే ప్రాణం ఒప్పలేదు. గుడ్డ తీశాను.

"అన్నా, ముట్టొద్దన్నరు గద. జర సోంచాయించు" అన్నాడు మునవ్వర్.

"ఏడాదికొక్క పండుగరా. మురికి తుపాకికి బొట్టెట్ల పెడ్త? అమ్మవారు ఊకుంటదా?"

"అమ్మవారు ఊకుంటదేమో. అడవి ఊకోదు."

నేను వింటేగా! మూడింటినీ విప్పి, తుడిచి, నూనె పెట్టి, బొట్టు పెట్టాను. పుస్తకంలో రాస్తావా అని అడిగాడు.

"రాస్తే మల్ల మొదటికొస్తది. ఒక్క పూట తుడుస్తే ఏమైతది?"

మునవ్వర్ నేనిచ్చిన బంతిపూలు జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన మూడు రోజులు తుపాకులు వెన్నలా నడిచాయి. "ఆరు రోజులు తుడవలేదు. ఒక్కసారీ ఆగలేదు" అని రాసి సంతకం పెట్టాను.

మరుసటేడు ఆ రకం తుపాకులు ముప్ఫై మా జిల్లాకు వచ్చాయి. వానాకాలంలో మునవ్వర్ ఒకటి తీసుకుని మన్ననూరు దిక్కు అడవిలోకి పోయాడు. నాలుగో రోజు ఒక వాగు దగ్గర నక్సలైట్లతో ఎదురుకాల్పులు జరిగాయి. అతని తుపాకి రెండు తూటాలు కాల్చి ఆగిపోయింది. మునవ్వర్ అక్కడే చనిపోయాడు.

నెల దాటాక ఆ తుపాకి నా బల్ల మీదికే వచ్చింది. లోపల బురద గట్టిపడి, కాలిన తూటా గొట్టం బయటికి రాక ఇరుక్కుని ఉంది. ఆయుధాగారం చూసే మా సారు నా పుస్తకాన్నే నా ముందు తెరిచాడు.

"ఆరు దినాలు తుడ్వకున్నా నడ్సిన తుపాకి ఇది. నాలుగు దినాలకే ఆగిందంటే వాడే పాడుచేసుకున్నడు. నిర్లక్ష్యం అని రాయి."

చచ్చినవాడి మీద సాక్ష్యం చెబుతున్నది నా సంతకం. అందరి మీదా లేచే నా నోరు, ఆ రోజు పడిపోయింది. రెండు రోజులు టైం అడిగి బయటికి వచ్చాను.

మునవ్వర్‌తో పాటు అడవికి పోయిన బాలయ్య బయట ఎదురుపడ్డాడు.

"మూడో దినం తుపాకి విప్పి తుడుస్తనని అడిగిండన్నా. ఆరు దినాల పరీక్ష పాసైంది, అడవిల విప్పుడు వద్దని మమ్ముల తోల్కపోయిన సారు ఆర్డరు. రెండుసార్లు అడిగిండు. ఎందుకంత పరేషాన్ అంటే ఏం జెప్పలే."

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే నా నౌకరీ పోతుంది. నా పేరు కాపాడి అతను పోయాడు.

మర్నాడే మునవ్వర్ నలభయ్యో రోజు ఫాతెహా, పోయినవాళ్ల పేరున ప్రార్థన చేసి అన్నం పెట్టే రోజు. గద్వాల వెళ్లాను. మునవ్వర్ భార్య రుబీనా గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"కురుమూర్తన్నా, ఆయన తుపాకి సరిగ్గ చూసుకోలేదంటున్నరు. ఇంటికొచ్చినా ఆయన చేతులకు నూనె వాసనే. గా మాట నిజమేనా?"

"కాదమ్మా. తప్పు వానిది కాదు, నాది."

నిలబడే అంతా చెప్పాను. పండుగ, గుడ్డ, పుస్తకం, అడవిలో అతను నోరు విప్పకపోవడం. రుబీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత అనుకున్నానో.

"గా బంతిపూలు నాకు తెచ్చిచ్చిండు" అంది. "అన్న మొండోడు గని దిల్ మంచిది అన్నడు."

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె అలాగే నిలబడింది.

"ఈ మాట మీ సారుకు చెప్పినవా?"

"లేదమ్మా."

"గసుంటి తుపాకులు ఇంకెందరి చేతుల ఉన్నయి?"

"ఇరవై తొమ్మిది."

"అయితే ముందు గా పని చేసి రా అన్నా. అప్పుడొచ్చి నా ఇంట్ల తిను."

గడప దాటకుండానే తిరిగి బస్సెక్కాను. సారు ముందే పుస్తకం తెరిచి, "నాలుగో రోజు నేను తుడిచాను" అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా ఇరవై తొమ్మిది తుపాకులు వెనక్కి వచ్చాయి. నిర్లక్ష్యం అన్న మాట మునవ్వర్ పేరు మీద నుంచి తీసి నా పేరు మీద రాశారు. ఆయుధాగారం నుంచి నన్ను పంపేశారు.

ఆ ఏడు దసరాకు గద్వాల వెళ్లాను. రుబీనా లోపలికి రమ్మని పీట వేసింది. కంచం కడిగి అన్నం పెట్టి, తినమంది. ముద్ద కలిపాను కానీ, మురికి తుపాకి చూసిన పూటలాగే, సయించలేదు.