ఊపిరిలో మిగిలింది

అతను పెరట్లో వంగి నాలుక గీసుకుంటున్నాడు. గీసిన కొద్దీ కడుపులోంచి డోకు తన్నుకొస్తోంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. అయినా ఆపలేదు.

"తోలు ఊడేదాకా గీకు," అంది భార్య గుమ్మంలోంచి. "రాత్రి పోసుకున్నదంతా నాలుక మీదే కూర్చుందా?"

"పొద్దున్నే మొదలెట్టకు."

"నేనెక్కడ మొదలెట్టాను? నువ్వు ఆపితేగా."

అతను చెంబుడు నీళ్లు గటగటా తాగి, లవంగాలు నములుతూ బయల్దేరాడు. డిపోలో బస్సు డ్రైవర్లందరూ నమ్మే వైద్యం అదే.

తాగాడో లేదో చెప్పే మిషను గొట్టంలో ఊదందే డిపోలో బస్సు తాళం చేతికివ్వరు. గేటు దగ్గర ఆ మిషను పట్టుకుని నిలబడేది అతని బావమరిదే. అతను ఇదివరకే రెండుసార్లు దొరికాడు. మళ్లీ దొరికితే ఉద్యోగం ఉండదని మేనేజరు చెప్పేశాడు.

ఊదాడు. ఎర్రలైటు వెలిగింది.

"లవంగాలు నమిలానురా," అన్నాడు.

"మిషనుకి ముక్కు లేదు బావా. రక్తంలో ఉన్నది ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తుంటే పట్టుకుంటుంది. దాన్ని కరిగించాల్సింది లివరు. నువ్వు నీళ్లు తాగినా, తలకిందులుగా వేలాడినా దాని నడక దానిదే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగాలేదని చెప్తాను, ఇంటికెళ్లు. ఇవాళ చుక్క ముట్టకు. రేపు మా అక్క వచ్చి అడిగినా వదలను."

మధ్యాహ్నానికి అతని వేళ్లు వణకడం మొదలైంది. చొక్కా గుండీ పట్టుకోబోతే జారిపోతోంది. మెడ వెనక చల్లటి చెమట. రేపటికి బోలెడు టైముంది, కొంచెం పుచ్చుకున్నా అప్పటికి దిగిపోతుందిలే అనుకున్నాడు. ఆ కొంచెం సాయంత్రానికి సీసా అయింది.

భార్య బల్ల మీద దుప్పటి పరిచి అతని ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"మీ తమ్ముడికి చెప్పు," అన్నాడు. "రేపు నా బదులు వాణ్ణే ఊదమను."

"తెలిస్తే వాడి పనీ పోతుంది."

"పోతే పోనీ. అక్క కాపురం కంటే వాడికి అదెక్కువా?"

ఆమె చొక్కా చేతి మీంచి ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టింది. ప్లగ్గు తీసింది. ఏం తిడుతుందో ముందే ఊహించి అతను జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆమె సంచిలో రెండు చీరలు కుక్కుకుంది. చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

బల్ల మీద ఒక చెయ్యి నలిగిన చొక్కా, దాని పక్కన ఇస్త్రీపెట్టె. ప్లగ్గు తీసి చాలాసేపయినా దాని వేడి ఇంకా తగ్గలేదు.