రోజూలాగే బయల్దేరాను

మా బ్యాంకులో ఒక వింత రూలుంది. ఏడాదికోసారి, చెప్పాపెట్టకుండా, "రేపట్నుంచి రెండు వారాలు రాకండి" అంటారు. మన సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, మనమేమైనా గోల్‌మాల్ చేశామా అని చూసుకుంటారు. అందరికీ వచ్చేదే. ఈసారి నా వంతు సరిగ్గా మేనేజర్ పోస్టు ఇంటర్వ్యూ ముందు వచ్చింది. లోపల్లోపల ఎగిరి గంతేశాను.

ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. ఎందుకు చెబుతాను? పోయినేడు సెలవని చెబితే ఎందుకిచ్చారని ఒక్కరూ అడగలేదు. అత్తయ్య దుప్పట్లన్నీ తెచ్చి ముందు పడేసింది. ఆడపడుచు పిల్లలిద్దర్నీ దింపి చక్కాపోయింది. మా ఆయన "ఎలాగూ ఖాళీయేగా" అని అలమరాకి రంగు వేయమన్నాడు. ఖాళీ! ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు.

అందుకని రోజూలాగే తయారై, క్యారేజీ పట్టుకుని, బస్టాపు వెనకున్న లైబ్రరీకి వెళ్ళాను. పేపరు మొహమ్మీద కప్పుకుని గుర్రుపెట్టే రిటైరైన పెద్దమనుషులు, నేను. ఎవరూ నన్నేమీ అడగరు. నిజం చెప్పొద్దూ, మొదటిరోజు నేనూ టేబుల్ మీద తలపెట్టి నిద్రపోయాను. ఎంత హాయిగా ఉందో! తర్వాత పట్టుబట్టి చదివాను. ఈ పోస్టు నాకు కావాలి. నా వెనక చేరినవాళ్ళు నాతోనే ఫైళ్ళు తెప్పించుకుంటున్నారు. ఇదివరకు రెండుసార్లు పిలిస్తే, రెండుసార్లూ ఇంట్లో ఎవరికో ఏదో వచ్చింది.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక, మా పాపకి స్కూల్లో జ్వరం వచ్చింది. లైబ్రరీలో ఫోను ఆపేయమంటారు. స్కూలువాళ్ళు మా ఆయనకి చేశారు. ఆయన పాపని ఇంట్లో దింపి, నా కోసం బ్యాంకుకి వెళ్ళాడు.

"మేడమ్‌ని రావద్దన్నారు కదండీ, ఆవిడ సీటు చెక్ చేస్తున్నారు" అన్నాడట గార్డు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య ఏడుస్తోంది. పాప సోఫాలో పడుకుంది. నుదురు తాకి చూశాను, జ్వరం తగ్గింది.

"ఎంత తీశావ్?" అన్నాడు మా ఆయన.

"ఏంటి తీసేది?"

"దాచకు. ఏదో ఒకటి చేసి కట్టేద్దాం. నేనున్నాగా."

అబ్బ, ఎంత ప్రేమగా అన్నాడో! దొంగనైతే నా పక్కన నిలబడేవాడే. ఉన్నదున్నట్టు చెప్పేశాను, లైబ్రరీ, చదువు, అన్నీ. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"అంటే, మా మొహాలు చూళ్ళేక రోజూ వెళ్ళి ఎక్కడో కూర్చున్నావా?"

"చదువుకోవడానికండీ."

"ఇక్కడ పాప ఒళ్ళు కాలిపోతుంటే."

అత్తయ్య ముక్కు తుడుచుకుని, "దొంగతనం చేసినా ఇంత బాధపడేదాన్ని కాదురా" అంది. నవ్వొచ్చింది నాకు. నవ్వితే కొంప మునుగుతుందని ఆపుకున్నాను.

ఇంటర్వ్యూ ముందురోజు పొద్దున్నే మా మేనేజర్ ఫోను చేశారు. మంచి మనిషి, నా పేరు పంపింది ఆయనే.

"నిన్న మీవారు వచ్చి అంతా చెప్పారమ్మా. పాపకి బాలేదట, అత్తగారూ పెద్దావిడట. ముందే నాతో అనకూడదా? మీరేం కంగారుపడకండి. మీ పేరు తీయించి లిస్టు పైకి పంపేశాను. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం."

మా ఆయన స్కూలుకెళ్ళే పాపకి బూట్ల లేసులు కడుతున్నాడు. తలెత్తలేదు.

అరవాలి. ఇద్దర్నీ కలిపి దులిపెయ్యాలి. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్ళు కౌంటర్లో కూర్చున్న నోరు కదా, దాని అలవాటు దానిది.

"చాలా థాంక్స్ సార్" అన్నాను.