నంబరు ఎవరి పేరు మీద

ఉడికించి ఆరబోసిన సోయా గింజలకి తోడు పొడి కలిపి, అరటాకుల్లో చుట్టి, నారతో కట్టి, నలభై తెంపే పొట్లాలు వరసగా పేర్చేదాకా సుకార్సీకి అనుమానం రాలేదు. అప్పుడు తట్టింది, పొద్దుటినుంచి ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదని. మామూలుగా అయితే ఆ వేళకి "అక్కా, ఇవాళ పది తెంపేలు", "ఇబూ, రేపటికి ఇరవై, కాస్త పలచగా" అంటూ సలాతిగా ఊళ్ళో సగం వంటిళ్ళు ఆమెని అక్కా అనో, అమ్మా అన్నట్టు ఇబూ అనో పిలుస్తూ ఉంటాయి. చెయ్యి తుడుచుకుని చూసింది. తెర మీద సిగ్నల్ గీతలుండే చోట ఏమీ లేదు. రీచార్జి అయిపోయిందనుకోవడానికి లేదు. ప్రీపెయిడ్ నంబరు గడువు దాటితే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారని విన్నప్పటినుంచి ఆమె గడువుకి వారం ముందే డబ్బులు వేయించుకుంటుంది.

మధ్యాహ్నానికి రుమియాతి వచ్చింది. పై వీధిలో భోజనాల కొట్టు నడుపుతుంది. పన్నెండేళ్ళుగా సుకార్సీ దగ్గరే కొంటుంది.

"పండక్కి ముందే డబ్బు పంపమన్నావు, పంపాను. ఇప్పుడు ఫోన్ ఎత్తవేం? ఏనాడూ ముందు అడగనిదానివి, ఇదేం కొత్త బుద్ధి సుకార్సీ?"

"నేనేమీ అడగలేదే."

"ఇదిగో వాట్సాప్. నీ నంబరే. నీ ఫోటోనే."

సుకార్సీ ఆ ఫోన్ తీసుకుని, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది. తను రాయని మాటలు తన బొమ్మ పక్కన వరసగా ఉన్నాయి. ఎంతో మర్యాదగా, వినయంగా, డబ్బు పంపమని.

"ఇంత చక్కగా నేనెప్పుడు రాశాను రుమియాతీ? అక్కడే నీకు తెలియాలి," అంది. రుమియాతికి నవ్వూ రాలేదు, నమ్మకమూ కుదరలేదు. "పోయిన డబ్బు మాట అలా ఉంచు. ఇంకెంతమందికి వెళ్ళిందో చూసుకో," అని చెప్పులు వేసుకుంది.

సాయంత్రం మరిది మార్వోతో విన్నాడు. విని, తల కూడా ఎత్తకుండా అన్నాడు. "ఎవడో ఫోన్ చేసి తియ్యగా మాట్లాడుంటాడు, నువ్వు కోడ్ చెప్పేసుంటావు. ఆడాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే." సుకార్సీ ఎవరికీ ఏ కోడూ చెప్పలేదు. ఆ మాటే అంది. "చెప్పినవాళ్ళందరూ అలాగే అంటారు వదినా," అన్నాడు. ఊళ్ళో దొంగతనం జరిగితే దొంగని వెతుకుతారు. ఆడదాని ఇంట్లో జరిగితే మాత్రం, ఆమె ఏ తలుపు తీసిపెట్టిందో వెతుకుతారు.

మర్నాడు బస్సెక్కి ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో పిల్ల నంబరు కొట్టి చూసి, మెత్తగానే చెప్పింది.

"ఇది మీ నంబరు కాదు ఇబూ. మార్వోతో అనే ఆయన పేరు మీద ఉంది. మొన్న సాయంత్రం ఒకాయన వచ్చి, సిమ్ పోయిందని చెప్పి, ఓనరు గుర్తింపు కార్డు, కుటుంబ కార్డు జిరాక్సులు, ఓనరు సంతకం ఉన్న కాగితం ఇచ్చి కొత్త సిమ్ తీసుకెళ్ళాడు. కార్డుల అంకెలు చేతిలో ఉంటే వాటి మీద ఏ నంబర్లున్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. కొత్తది మొదలవగానే మీ దగ్గరున్నది ఆగిపోతుంది."

"పన్నెండేళ్ళుగా మాట్లాడుతున్నది నేనమ్మా."

"నిజమే ఇబూ. ప్రస్తుతానికి ఎవరూ వాడకుండా ఆపేస్తాను. తిరిగి కావాలంటే మాత్రం ఓనరు రావాలి."

బస్సులో తిరిగి వస్తూ సుకార్సీకి ఆ రోజు గుర్తొచ్చింది. భర్త తుగిమాన్ పోయి నలభై రోజులైనా కాలేదు. ప్రతి ప్రీపెయిడ్ నంబరునీ గుర్తింపు కార్డుకీ కుటుంబ కార్డుకీ కట్టాలని ప్రభుత్వం చెప్పిన ఏడాది అది. "ఇటివ్వు వదినా, నీకు తెలీదు," అని మార్వోతో ఫోన్ లాక్కుని ఏవో అంకెలు కొట్టి, రెండు నిమిషాల్లో తిరిగిచ్చాడు. మేలు చేశాడని ఆవేళ వేడివేడిగా తెంపే వేయించి పెట్టింది. కొట్టిన అంకెలు అతని సొంత కార్డువి. వదిన కార్డు వెతకడానికి బద్ధకమో, వెతకాలని తోచకపోవడమో. తోచకపోవడమే అయి ఉంటుంది. తుగిమాన్ మాత్రం తక్కువ తిన్నాడా? "నీ నోటి లెక్క ఉండగా చదువెందుకే," అని నవ్వేవాడు. ఆ నోటి లెక్క మీదే ఇల్లు కట్టారు, మార్వోతోనీ చదివించారు. యాభై అయిదో ఏట ఆమె వాడ హాల్లో పెద్దవాళ్ళ బడికి వెళ్తుంటే, చదువుకున్న ఈ మరిదే, "అక్షరాలు నేర్చి ఏం చేస్తావు వదినా, సోయా గింజలకి పాఠం చెప్తావా?" అన్నాడు. వీధంతా నవ్వింది. తనూ నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే, అతను అన్నదానికన్నా తను నవ్వినదానికే ఒళ్ళు మండింది.

ఇంటికి వచ్చేసరికి మార్వోతో వసారాలో కూర్చుని అరటికాయ బజ్జీలు తింటున్నాడు. అతను ఆ వీధికి పెద్ద. రేషనుకైనా, సాయం జాబితాకైనా, పెళ్ళికైనా అందరూ కార్డుల జిరాక్సులు అతనికే ఇవ్వాలి, ప్రతి కట్ట మీదా తన కార్డుల జిరాక్సు పెట్టి అతను సంతకం చేస్తేనే అవి పై ఆఫీసుకి వెళ్తాయి.

"నువ్వే రావాలట," అంది సుకార్సీ.

"నాకు రెండు మీటింగులున్నాయి. కొత్త నంబరు తీసుకో, పోయేదేముంది? అమ్మేది తెంపే, బంగారమా?"

ఆమె కళ్ళు బజ్జీల కింద నూనె పీల్చిన కాగితం మీద ఆగిపోయాయి. చదవడం వచ్చినప్పటినుంచి కనబడిన ప్రతిదీ చదవడం ఆమెకి అలవాటు. బోర్డులు, సబ్బు మీది పేర్లు, చుట్టిన కాగితాలు. ఇది కుటుంబ కార్డు జిరాక్స్. రుమియాతిది. పదహారంకెల నంబర్లు, పుట్టిన తేదీలు, తల్లుల పేర్లు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బజ్జీలు పక్కకి జరిపి రెండో కాగితం లాగింది. అది పై ఆఫీసుకి రాసే ఉత్తరం ఫారం. రాత ఏమీ లేదు. కింద మార్వోతో సంతకం, ముద్ర మాత్రం ఉన్నాయి. జనం ఊరికే తిరగకుండా అతను ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచుకుంటాడు. ఆ సంగతి వీధిలో అందరూ మెచ్చుకుంటారు కూడా.

"ఈ కాగితాలు బజ్జీల బండికి ఎలా వచ్చాయి?"

"పాత కట్టలు. చెదలు పడుతున్నాయని పోయిన నెల తూకానికి వేశాను." అంటూనే అతని నోరు నమలడం ఆపింది.

"ప్రతి కట్ట మీదా మొదట నీ కార్డే ఉంటుంది కదూ. సంతకం ఉన్న ఈ ఖాళీ ఫారంలో సిమ్ పోయిందని రాసుకుంటే చాలు."

అతను ఇంకో బజ్జీ తీసుకోలేదు.

సుకార్సీ లోపలికి వెళ్ళి బీరువాలోంచి కుటుంబ కార్డు తీసింది. తుగిమాన్ పోయాక, "ఒంటరిదానికి వేరే కార్డెందుకు," అని మార్వోతో ఆమెని తన కార్డులో రాయించాడు. చూడాలని ఇన్నాళ్ళూ అనుకోలేదు, మొదట్లో అయితే చూసినా చదవలేకపోయేది. కుటుంబ పెద్ద మార్వోతో. తరవాత భార్య. తరవాత ఇద్దరు పిల్లలు, అందులో చిన్నది ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. అందరి కిందా ఆమె పేరు, దాని ఎదురుగా, ఇతర బంధువు. రెండుసార్లు చదివింది. ఈ ఇంటి ఇటుకలు ఆమె చేతి తెంపేల మీద వచ్చాయి. ఇతని ఫీజులూ ఆ డబ్బే, పెళ్ళీ ఆ డబ్బే. ముప్ఫై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఆ ఇంట్లో చుట్టంగా నమోదైంది. మరి నంబరు మాత్రం ఆమెది ఎందుకవుతుంది? ఇంట్లో ఉండటానికి చోటిస్తే ఇల్లు ఇచ్చినట్టు, మాట్లాడనిస్తే నంబరు ఇచ్చినట్టు. వాడుకునేది ఆమె, ఉండేది మాత్రం ఎవరి పేరు మీదో. దొంగ కొత్తగా చేసిందేముంది? అప్పటికే ఆమెది కానిదాన్ని వాడు చేయి మార్చుకున్నాడు, అంతే.

కార్డు పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"రేపు పొద్దున్న పౌర నమోదు ఆఫీసుకి వెళ్తున్నాను. నాకు వేరే కార్డు కావాలి. అది వచ్చాక నువ్వు నాతో ఫోన్ కంపెనీ కౌంటర్‌కి వస్తావు."

"ఒక్క పేరుకి అంత పెద్ద కార్డా?" నవ్వబోయాడు. "రాకపోతే?"

"శుక్రవారం ఆడవాళ్ళ మీటింగుంది. ఈ కాగితాలు అక్కడ చదువుతాను."

"అంటే, వస్తే చదవవన్నమాట."

"వచ్చినా చదువుతాను. ఎవరి కార్డులు బజారున పడ్డాయో వాళ్ళకి తెలియాలి. వస్తే, తప్పు తెలుసుకుని నా నంబరు నాకు ఇప్పించాడనే ముక్క కూడా చదువుతాను."

అతను నూనె వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. "ఇంటి మగాణ్ణి బజార్లో పెడతావా వదినా?"

"నువ్వు వీధి మొత్తాన్ని పెట్టావు నాయనా. కిలోల లెక్కన."

గురువారం ఇద్దరూ కౌంటర్ ముందు కూర్చున్నారు. మార్వోతో తన అసలు కార్డు చూపించి, నంబరు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. పిల్ల సుకార్సీకి వచ్చిన కొత్త కుటుంబ కార్డు తీసుకుని అంకెలు కొట్టి, సిమ్ వేసి ఇచ్చింది. "ఇక ఇది మీ పేరు మీదే ఇబూ. కార్డు జిరాక్స్ ఎక్కడిచ్చినా దేనికిచ్చారో దాని మీద అడ్డంగా రాసి ఇవ్వండి. ఇప్పుడు వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టుకోండి. రేపు ఎవడైనా మళ్ళీ సిమ్ మార్చినా, ఆ పిన్ తెలియకుండా మీ పేరుతో రాయలేడు."

సుకార్సీ ఫోన్ దగ్గరికి తీసుకుంది. తెర మీద ఆరు ఖాళీ గళ్ళు వచ్చాయి. పక్కనుంచి మార్వోతో అలవాటుగా ముందుకి వంగాడు.

"ఏం పెడుతున్నావో నాకూ చెప్పు వదినా. మర్చిపోతావు, మళ్ళీ నన్నే అడుగుతావు."

సుకార్సీ వేలు మొదటి గడి మీదే ఆగింది. ఆమె గొంతు పెంచలేదు.

"అటు తిరుగు మార్వోతో."

అతను కౌంటర్ పిల్ల వైపు చూశాడు. పిల్ల కంప్యూటర్ వైపు చూసింది. కాసేపటికి అతను కుర్చీతో సహా గోడవైపు తిరిగాడు.